రెండు గీతలు

మా అమ్మమ్మ నాకు మేనత్త కూడా అవుతుంది. ఈ మాట హైదరాబాదులో ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత వేళ్ళు మడిచి లెక్క చూస్తారు, ఆ తర్వాత "ఓహో, మీ నాన్నగారు అక్క కూతుర్ని చేసుకున్నారా?" అంటారు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆ రోజుల్లో ఇది చెప్పుకునేంత విషయమే కాదు. మా వీధిలోనే ఇలాంటి ఇళ్ళు ఇంకో మూడో నాలుగో ఉండేవి.

లెక్క ఒకసారి విప్పి చూపిస్తాను. నాన్న తన పెద్దక్క కూతుర్ని చేసుకున్నాడు. ఆ పెద్దక్క అమ్మవైపు నుంచి నాకు అమ్మమ్మ, నాన్నవైపు నుంచి మేనత్త. ఆవిడ భర్త ఒక దారిన తాతయ్య, ఇంకో దారిన మామయ్య. అమ్మ తమ్ముడు నాకు మేనమామే గానీ, మేనత్త కొడుకు కనక బావ కూడా. పిన్ని సంగతి మరీ తమాషా. అమ్మ చెల్లెలు కాబట్టి తల్లితో సమానం. మేనత్త కూతురు కాబట్టి వదిన వరస. వదినతో వేళాకోళమాడొచ్చు, పిన్నితో కుదరదు. ఒక వేసవి సెలవుల్లో నలుగురిలో నవ్వించాలని నేను ఆవిణ్ణి "వదినా" అని పిలిచాను. నాయనమ్మ చేతిలో విసనకర్ర తిరగేసి, కాడతో మోకాలి మీద ఒకటిచ్చి, "తల్లివైపు వరసే ముందురా" అని తీర్పు చెప్పింది. దానిమీద అప్పీలు లేదు.

అమ్మకి ఈ తిరకాసులేవీ పట్టలేదు. పుట్టినప్పటినుంచీ నాన్నని ఏమని పిలిచిందో, పెళ్ళయ్యాకా అలాగే పిలిచింది. ఆయన పోయేదాకా "మావయ్యా" అనే అంది. బయటివాళ్ళ ముందు మాత్రం "ఏవండీ". పెళ్ళినాటికి ఆవిడకి పదహారు, ఆయనకి ఇరవై ఏడు. "నిన్ను అడిగారా?" అని నేనోసారి అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా, "అడిగేదేముంది, మావయ్యేగా" అంది.

నాయనమ్మ పెళ్ళిళ్ళకి వెళితే భోజనాల కంటే ముందు ఆవిడ పని మొదలయ్యేది. కొత్త మొహం కనిపిస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "ఎవరి పిల్లవే? మీ ఇంటిపేరేంటి? మీ అమ్మది ఏ ఊరు? దుగ్గిరాలా? దుగ్గిరాలలో ఎవరింటి ఆడపడుచు?" నాలుగైదు ప్రశ్నలు, మధ్యలో రెండు క్షణాలు కళ్ళు మూసుకోవడం, ఆ తర్వాత ప్రకటన: "అయితే మీ అమ్మ నాకు వదిన వరసే. నువ్వు నాకు మేనకోడలివి." అప్పటిదాకా ముడుచుకుని కూర్చున్న పిల్ల "అత్తా" అనడం, ఆవిడ ఆ పిల్ల చెంపలు నిమిరి తన కణతలకి మెటికలు విరుచుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. దీన్నే మనం వరస కలపడం అంటాం. వరస కలవలేదంటే నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఇంకో మెట్టు పైకి వెళ్ళి వెతికేది.

ఇదే పని 1898లో ఒక ఇంగ్లీషు డాక్టరు చేసి శాస్త్రానికి పద్ధతి నేర్పాడు. పేరు రివర్స్. ఆస్ట్రేలియాకీ న్యూగినీకీ మధ్య టోరెస్ జలసంధి దీవులకి కేంబ్రిడ్జి నుంచి ఒక బృందం వెళితే, అక్కడివాళ్ళ చూపునీ ఇంద్రియ శక్తినీ పరీక్షించడానికి ఈయనా వెళ్ళాడు. ఇలాంటి శక్తులు కుటుంబాల్లో దిగుతాయా అని చూడ్డానికి ఎవరికి ఎవరు పుట్టారో రాసుకోవడం మొదలుపెట్టాడు. రాసుకుంటూ పోతే అసలు పని పక్కకిపోయి, ఈ కొసరు పనే ఆయన పేరు నిలబెట్టింది. తల్లి, తండ్రి, బిడ్డ, భార్య, భర్త లాంటి నాలుగైదు మాటలే వాడి ముందు పేర్లు రాబట్టాలి. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారన్నది ఆ తర్వాత అడగాలి. 1910లో అచ్చయిన ఆ పద్ధతిని మానవశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. నాయనమ్మ పద్ధతి దీనికి తలకిందులు. ఆవిడకి పిలుపు ముందు, పేరు తర్వాత. చాలామంది పేర్లు ఆవిడకి చివరిదాకా తెలియవు కూడా.

అయితే మన పిలుపులు రివర్స్ కంటే ముందే సముద్రం దాటాయి. ఆ కథ నాకు భలే ఇష్టం.

లూయిస్ హెన్రీ మోర్గన్ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, రోచెస్టర్ ఊళ్ళో వకీలు. ఆ చుట్టుపక్కల సెనెకా ఇండియన్లతో స్నేహం కలిసి, వాళ్ళ సంగతులు రాసుకునేవాడు. అక్కడ ఆయనకొక వింత కనబడింది. సెనెకా పిల్లాడు తల్లినీ అమ్మే అంటాడు, తల్లి అక్కచెల్లెళ్ళనీ అమ్మే అంటాడు. తండ్రి అన్నదమ్ములందరూ నాన్నలే. పాపం, అంకుల్ అన్న ఒక్క మాటతో జీవితం వెళ్ళదీసినవాడికి ఇది వింతే మరి. 1858లో మిషిగన్ ఉత్తరాన ఒజిబ్వా తెగవాళ్ళని అడిగితే, వాళ్ళదీ ఇంచుమించు ఇదే లెక్క అని తేలింది. భాషకీ భాషకీ సంబంధం లేదు. మోర్గన్‌కి నిద్రపట్టలేదు. రెండువందలకు పైగా ప్రశ్నలతో ఒక పట్టిక అచ్చువేయించి ప్రపంచంలో ఎక్కడెక్కడి మిషనరీలకో, కాన్సులేట్లకో పంపాడు. మీ అమ్మ అన్నని ఏమంటారు? ఆయన కొడుకుని ఏమంటారు? ఆ కొడుకు కొడుకుని? మన దక్షిణాది నుంచి తమిళం జవాబులు ఆర్కాటు మిషన్‌లో పనిచేసే స్కడ్డర్ కుటుంబం ద్వారా చేరాయి. తమిళం పట్టిక చూసి మోర్గన్ ఎగిరి గంతేశాడు. సెనెకా లెక్కా తమిళం లెక్కా పక్కపక్కన పెడితే అచ్చుగుద్దినట్టున్నాయి! అయితే అమెరికా ఇండియన్లు ఆసియా నుంచే వచ్చారు, ఇదిగో సాక్ష్యం, అన్నాడు. 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన బృహద్గ్రంథంలో తమిళం, కన్నడాలతో పాటు తెలుగు పిలుపులూ పట్టికకెక్కాయి.

సాక్ష్యం చెల్లలేదనుకోండి. పిలుపుల పోలికతో జాతుల పుట్టుక తేల్చలేం. పైగా ఆ పోలిక కూడా దగ్గరి చుట్టాల వరకే; దూరం జరిగేకొద్దీ సెనెకాల లెక్క ఒక దారి, మన లెక్క ఒక దారి. వాళ్ళలో బావామరదళ్ళ పెళ్ళి ఆచారమూ లేదు. కానీ ఒక మనిషి తప్పుడు దారిలో వెళ్ళి గొప్ప తలుపు తెరిచాడు. బంధుత్వం అనేది అందరికీ ఒకటే కాదు, దానికి వేరువేరు వ్యాకరణాలున్నాయి అన్న చదువు మోర్గన్‌తోనే మొదలైంది.

కథ అక్కడితో ఆగలేదు. మోర్గన్ 1877లో ఇంకో పుస్తకం రాశాడు. దాన్ని మార్క్స్ చదివి నోట్సు రాసుకున్నాడు, ఆయన పోయాక ఎంగెల్స్ ఆ నోట్సు ఆధారంగా 1884లో కుటుంబం, ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో చెబుతూ పుస్తకం వేశాడు. ఆ పుస్తకాన్నే మా బాబాయి పార్టీ క్లాసుల్లో బట్టీపట్టి, ఇంటికొచ్చి వసారాలో మాకు పాఠం చెప్పేవాడు. మేనరికం ఆస్తి కట్టు తప్పకుండా వేసిన ఎత్తు అని ఆయన అంటుంటే, నాయనమ్మ లోపల్నుంచి, "మరి నీకెందుకురా చేశాం? నీకేం ఆస్తుందని?" అనేది. బాబాయీ మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. ఆర్కాటు నుంచి రోచెస్టర్‌కీ, రోచెస్టర్ నుంచి లండన్‌కీ వెళ్ళిన మన అత్తామామలు అలా మా వసారాలోకి తిరిగొచ్చారని అప్పట్లో ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు.

ఇంతకీ ఏమిటా వ్యాకరణం? మనకి పుట్టుకతో వచ్చేసింది కాబట్టి ఎప్పుడూ విప్పి చూడం. నాన్న అన్నదమ్ములు నాన్నలే: పెదనాన్న, చిన్నాన్న. తెలంగాణ పల్లెల్లో పెద్దనాయిన, కాక. అమ్మ అక్కచెల్లెళ్ళు అమ్మలే: పెద్దమ్మ, చిన్నమ్మ, పిన్ని. వాళ్ళ పిల్లలు మనకి అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. కానీ మధ్యలో ఆడా మగా మారితే చాలు, ప్రపంచమే మారిపోతుంది. నాన్న అక్కచెల్లెళ్ళు అత్తలు. అమ్మ అన్నదమ్ములు మామలు. వాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, బావమరుదులు. ఇక పెళ్ళయ్యాక భార్య తల్లిదండ్రుల్ని ఏమంటాం? అత్త, మామ. మళ్ళీ అవే మాటలు! ఇంగ్లీషువాడికి పెళ్ళితో కొత్తగా వచ్చే చుట్టాలకి వేరే తోక కావాలి. మనకి అక్కర్లేదు, ఎందుకంటే ఆ చుట్టాలు మన లెక్కలో అప్పటికే ఉన్నారు.

లూయీ డ్యూమాంట్ అనే ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు మదురై వైపు పల్లెల్లో ఉండి చూసి, 1953లో ఈ మాటే రాశాడు. ద్రావిడ బంధుత్వ పదాల్లో రక్తం కంటే పెళ్ళి ముందు కనిపిస్తుందని, వియ్యం అనేది ఇక్కడ తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా దిగుతుందని. మా నాన్నకి బావ అయినవాడి కొడుకు నాకూ బావే. మన దగ్గర అల్లుడు పెళ్ళినాడు పుట్టడు. అక్క కడుపున పుట్టినరోజే మేనల్లుడు.

ఇది ఎంత పాతదో చూడండి. బౌధాయన ధర్మసూత్రంలో దక్షిణాదివాళ్ళ ప్రత్యేక ఆచారాలని అయిదు చెప్పారు. ఉపనయనం కానివాళ్ళతో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం, మేనత్త కూతుర్ని చేసుకోవడం. ఉత్తరాదివాళ్ళకీ అయిదున్నాయి; ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, సముద్రం మీద వెళ్ళడం వాటిలో కొన్ని. ఎవరి దేశంలో వాళ్ళకి చెల్లుతుంది, ఒకరిది ఒకరు చేస్తేనే తప్పు అంటాడాయన. చద్దన్నమూ మేనరికమూ ఒకే పట్టీలో పెట్టినందుకు ఆ ఋషికి నా నమస్కారం. మా ఇంట్లో రెండూ కొండంత ఉండేవి.

తెలుగు భారతం రాయించిన రాజరాజ నరేంద్రుణ్ణే తీసుకోండి. తల్లి కుందవ్వ, రాజరాజ చోళుడి కూతురు. ఆయన చేసుకున్న అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. అంటే మేనమామ కూతురే. వీళ్ళ కొడుకు మళ్ళీ చోళుల ఇంటి మేనమామ కూతురు మధురాంతకినే చేసుకుని, 1070లో ఏకంగా చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. మూడు తరాల వరస. రాజమహేంద్రవరానికీ తంజావూరుకీ మధ్య యుద్ధాల కంటే ఈ అత్తామామల రాకపోకలే ఎక్కువ పనిచేశాయేమో. అర్జునుడికి సుభద్ర మేనమామ కూతురన్నది వ్యాసుడే చెప్పాడు. వ్యాసుడికి తెలియని శశిరేఖని మనవాళ్ళు పుట్టించుకుని, అభిమన్యుడికి మేనమామ కూతుర్ని చేసి, 1957లో 'మాయాబజార్' తీసుకున్నారు. ఆ సినిమాలో గొడవంతా ఏమిటి? మేనరికం తప్పించి డబ్బున్న సంబంధానికి ఎగబడటమే కదా! హాలంతా ఎవరివైపు ఉందో చెప్పక్కర్లేదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఈ వ్యాకరణాన్ని పట్టించుకోలేదు. మేనమామ మేనకోడళ్ళు, అన్నాచెల్లెళ్ళ పిల్లలు, ఇద్దరన్నదమ్ముల పిల్లలు, ఇద్దరక్కచెల్లెళ్ళ పిల్లలు అందర్నీ ఒకే గాటన కట్టి, వీళ్ళ మధ్య పెళ్ళి కూడదంది. ఆచారం ఉంటే తప్ప, అని ఒక మినహాయింపు పెట్టింది. ఆ ఒక్క మినహాయింపు కిందే మా అమ్మానాన్నల పెళ్ళి చట్టబద్ధమైంది. తెలుగువాడికి ఆ పట్టిక ఎంత చిత్రంగా ఉంటుందంటే, అందులో సగం పెళ్ళిళ్ళు చేసి తీరాల్సినవి, మిగతా సగం తలుచుకుంటేనే చెంపలేసుకోవాల్సినవి. మేనత్త కూతుర్ని చేసుకోనన్నవాడు పొగరుబోతు. చిన్నాన్న కూతుర్ని చేసుకుంటానన్నవాడు మనిషే కాదు. ఇదే ఊళ్ళో పక్కవీధి ముస్లిం ఇంట్లో మాత్రం చిన్నాన్న కూతురితో నిక్షేపంగా పెళ్ళవుతుంది. ఇక రక్తాన్ని అడిగితే అది ఏ వరసా ఎరగదు. మేనత్త కూతురైనా చిన్నాన్న కూతురైనా దానికి ఎనిమిదో వంతే. మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు.

ఆ నాలుగో వంతు సంగతికి తర్వాత వస్తాను.

రక్తమే బంధుత్వం అనుకుంటే ఊటీ కొండల్లో తోడా తెగవాళ్ళ దగ్గర రివర్స్ బుర్ర తిరిగిపోయి ఉండేది. 1906లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. అప్పట్లో అన్నదమ్ములందరికీ కలిపి ఒకే భార్య ఉండేది. మరి బిడ్డకి తండ్రెవరు? ఇంచుమించు ఏడో నెలలో వాళ్ళలో ఒకడు గడ్డితో, పుల్లతో చిన్న విల్లూ బాణమూ చేసి ఆమె చేతిలో పెడతాడు. అతనే తండ్రి. ఇంకొకడు ఇంకో విల్లు ఇచ్చేదాకా, తర్వాత పుట్టినవాళ్ళకీ అతనే తండ్రి. నాకు ఈ విల్లు ఎందుకో మన మంగళసూత్రం కంటే నిజాయితీగా అనిపిస్తుంది. తాను తండ్రినని నలుగురి ముందు ఒప్పుకోవడమే ఇక్కడ తండ్రితనం. మన సామెత కూడా ఊరికే పుట్టలేదు: తల్లి చస్తే తండ్రి పినతండ్రి.

న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఇంకో రకం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మానవశాస్త్రజ్ఞుడు మాలినోవ్‌స్కీ అక్కడ ఉండి చూశాడు. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, వారసత్వం మేనమామ నుంచి వస్తుంది. మగవాడు ఎండలో ఒళ్ళు వంచి కంద లాంటి దుంపలు పండించి, వాటిల్లో మేలైనవి ఏరి అక్కచెల్లెళ్ళ ఇంటికి మోయించి, వాళ్ళ గాదె నింపుతాడు. తన గాదె నింపేది తన బావమరిది. ఇది చదివినప్పుడు నాకు సంక్రాంతికి ముందు మా మేనమామ ఎద్దులబండి మీద అరిసెల బుట్టలు, కొత్త బియ్యం, గుమ్మడికాయలు వేసుకుని రావడం కళ్ళముందు కదిలింది. మనం సారె అంటాం. ఆస్తి మగపిల్లలకి రాసేసి, ఆడపిల్లకి ఏటా బండెడు గుమ్మడికాయలు పంపడంలో ఉన్న తెలివి కూడా కదిలింది. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు అమల్లోకి వచ్చాక, మా వైపు కొన్ని ఇళ్ళకి సారె బండి రావడం ఆగిపోయింది. అక్కచెల్లెళ్ళకి అన్నదమ్ములు లెక్కగా కాగితాలు పంపారు, సంతకాల కోసం.

వరస గురించి మురిసిపోయేటప్పుడు ఇంకోటి కూడా చెప్పాలి. మా ఊళ్ళో వరస కులాలు దాటేది. మా బట్టలు ఉతికే ఆవిణ్ణి అత్తా అనేవాళ్ళం, ఆవిడ భర్త నాన్నని బావా అనేవాడు. పరాచికాలు కూడా ఆడుకునేవాళ్ళు. కానీ ఆ అత్త మా వంటింటి గడప లోపలికి ఏనాడూ రాలేదు. ఆవిడకి కాఫీ పోసే గ్లాసు దొడ్లో గోడమీద విడిగా ఉండేది. పిలుపు ఎంత తియ్యగా ఉన్నా ఆ గ్లాసు అక్కడే ఉండేది.

ఇప్పుడు నాలుగో వంతు దగ్గరికి వస్తాను.

నాకు మూడేళ్ళు పెద్దవాడు మా అన్నయ్య. పుట్టుకతోనే వినపడదు, కనక మాట రాలేదు. ఇంట్లో ఎవరూ దాన్ని మేనరికంతో ముడిపెట్టలేదు. గ్రహణం అన్నారు, దిష్టి అన్నారు, నాగదోషం అన్నారు. రెండేళ్ళ కిందట మా అమ్మాయికి మూడో నెలప్పుడు, హైదరాబాదులో ఒక జన్యు వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. పాతికేళ్ళ పిల్ల, చురుకైనది. తెల్లకాగితం మీద మా కుటుంబం గీయడం మొదలుపెట్టింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. భార్యాభర్తల మధ్య ఒక గీత. మా అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసరికి "మేనరికమా?" అని అడిగింది. అవునన్నాను. ఒక గీత కింద ఇంకో గీత గీసింది. దగ్గరి రక్తంలో పెళ్ళయితే రెండు గీతలు గీస్తారట. తర్వాత, "పుట్టుకతో లోపం ఉన్నవాళ్ళెవరైనా?" అంది. అన్నయ్య గురించి చెప్పాను. కింద ఉన్న మొదటి చదరాన్ని పెన్నుతో నల్లగా నింపేసింది.

తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఒకే లోపం దాగి ఉంటే బిడ్డలో బయటపడొచ్చు, ఇద్దరూ ఒకే కుదుటివాళ్ళయితే అలా దాగి ఉండే అవకాశం పెరుగుతుంది, మీ అన్నయ్యగారి విషయంలో ఇదే కారణమని కచ్చితంగా చెప్పలేం గానీ కావచ్చు, అని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. మా అమ్మాయికి ఏ భయమూ అక్కర్లేదంది. నేనూ నా భార్యా చుట్టాలం కాము. నేను ఆ నల్ల చదరాన్నే చూస్తున్నాను. అరవై ఏళ్ళుగా మా ఇంట్లో తిరుగుతున్న మనిషి.

అన్నయ్యకి వరసలు తెలియవు. ఎవరు ఏమవుతారో వాడికి చెప్పగల మాట లేదు కదా. వాడికి మనుషులే తెలుసు. ఒక్కొక్కరికీ ఒక్కో సైగ. మీసం మెలేస్తే నాన్న. ముక్కుపుడక చోట వేలు పెడితే అమ్మ. విసనకర్ర ఊపితే నాయనమ్మ. కాలీడుస్తూ నాలుగడుగులు వేస్తే బాబాయి. ఆయన వచ్చాక ఆయన ఎదురుగానే వేస్తాడు, ఆయనా నవ్వుతాడు. నా సైగ ఎడమ కనుబొమ్మ మీద వేలు. అక్కడ నాకో మచ్చ ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు వాడు విసిరిన పెంకు తగిలి అయింది. అమ్మమ్మ మేనత్త కూడా అవుతుందన్న చిక్కుముడి వాడి లోకంలో లేదు. ఆవిడ వాడికి కళ్ళజోడు, అంతే.

తెనాలిలో కుట్టుమిషను పెట్టుకుని బతికాడు. నేను ఉద్యోగమంటూ ఊళ్ళు తిరుగుతుంటే, అమ్మని చివరి పదకొండేళ్ళు చూసింది వాడే. అమ్మకి మతిమరుపు వచ్చాక, నేను వెళితే "ఎవరబ్బాయివి?" అనేది. చెబితే వరస కట్టడానికి ప్రయత్నించి వదిలేసేది. అన్నయ్య దగ్గర ఆ ఇబ్బంది లేదు. వాడు మజ్జిగన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే నోరు తెరిచేది.

మలేసియాలో లంకావి అనే దీవి ఉంది. జానెట్ కార్‌స్టెన్ అనే ఆవిడ అక్కడి జాలరుల ఇళ్ళలో ఉండి 1997లో ఒక పుస్తకం రాసింది. అక్కడివాళ్ళ లెక్కలో ఒక పొయ్యి మీద వండిన అన్నం కలిసి తింటూ ఉంటే మనుషులు బంధువులవుతారు. తిన్న అన్నమే రక్తమవుతుంది, కాబట్టి కలిసి తినేవాళ్ళ రక్తం ఒకటవుతుంది. బయట నుంచి తెచ్చుకుని పెంచిన బిడ్డకీ అంతే. ఆ పుస్తకం రాకముందే డేవిడ్ ష్నైడర్ అనే అమెరికా మానవశాస్త్రజ్ఞుడు 1984లో తన తోటివాళ్ళకి గడ్డిపెట్టాడు. రక్తమే చిక్కన అన్నది మన నమ్మకం, దాన్ని పట్టుకెళ్ళి ప్రపంచమంతా అంటగట్టాం, అని. కుటుంబమంటే ఏమిటని మన జనాభా లెక్కలవాళ్ళని అడిగినా రక్తం మాట ఎత్తరు. కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్ళని ఒక కుటుంబంగా రాసుకుంటారు. మనమూ అన్నదమ్ములు విడిపోతే పొయ్యిలు వేరయ్యాయనే అంటాం.

అమ్మ పోయినప్పుడు కర్మ చేయాల్సింది పెద్దకొడుకు. మంత్రం ఎలా చెబుతాడని పురోహితుడు సందేహించాడు. చివరికి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. ఆయన చెప్పినమాట నేనన్నాను, నీళ్ళు వాడు వదిలాడు. పన్నెండోరోజు పిండాలు కలిపేటప్పుడు, "మీ అమ్మగారిని ఆవిడ అత్తగారితో కలపాలి" అన్నాడాయన. ఆవిడ అత్తగారంటే మా నాయనమ్మ. అమ్మకి సొంత అమ్మమ్మ. ఏ పుట్టింటి నుంచి ఏ అత్తింటికి వెళ్ళిందని? మూడు వీధుల దూరం. నాకు మొదటిసారి ఆ పెళ్ళి మీద కోపమూ జాలీ కాకుండా ఇంకేదో కలిగింది. అన్నయ్య అమ్మ పిండాన్ని నాయనమ్మ పిండంలో కలుపుతూ, నావైపు చూసి ముక్కుపుడక దగ్గర వేలు పెట్టాడు, తర్వాత విసనకర్ర ఊపాడు. ఎవరూ చెప్పకుండానే వాడికి ఎలా తెలిసిందో నాకు తెలీదు.

మేనరికాలు తగ్గుతున్నాయి. నేను వాటికోసం కన్నీళ్ళు పెట్టను. "అడిగేదేముంది" అన్న అమ్మ మాటా, ఆ నల్ల చదరమూ నాకు చాలు. కానీ వాటితోపాటు పిలుపులూ కరిగిపోతున్నాయి, అదే నాకు నచ్చడం లేదు. మా అమ్మాయి తన మేనత్త కొడుకునీ పెదనాన్న కొడుకునీ ఒకే మాటతో కజిన్ అంటుంది. అన్నని, బావని కలిపి ఒకే డబ్బాలో పోసేసినట్టు. పైగా ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో సగటున స్త్రీకి 1.7 మంది పిల్లలు. ఒక్కతే కూతురైతే ఆమె పిల్లలకి మేనమామ ఉండడు, పిన్ని ఉండదు. ఒక్కడే కొడుకైతే అతని పిల్లలకి మేనత్తా చిన్నాన్నా ఉండరు. మోర్గన్ పట్టికలోని తెలుగు మాటలు సగానికి సగం, పిలవడానికి మనిషి లేక ఖాళీ అవుతాయి.

మా మనవరాలికి కిందటి నెల చెవులు కుట్టించాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. మా అమ్మాయి ఒక్కతే, మేనమామ ఎక్కడినుంచి వస్తాడు? పక్క ఫ్లాటులో ఉండే కుర్రాడు, అమ్మాయితో కలిసి చదువుకున్నవాడు, "నేను కూర్చుంటా అంకుల్" అన్నాడు. వేరే కులం, వేరే జిల్లా. కంసాలి సూది గుచ్చగానే పిల్ల వాడి చొక్కా తడిపేసింది. అప్పటినుంచీ వాణ్ణి మామా అంటోంది. వాడూ పండక్కి పిల్లకి పరికిణీ తెచ్చాడు. నాయనమ్మ ఉంటే రెండు క్షణాలు కళ్ళు మూసుకుని, ఏదో ఒక దారిన వరస కలిపేసేదే.

నా మాట విని ఒక పని చెయ్యండి. ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకుని ఇంట్లో అందరికంటే పెద్దావిడ పక్కన కూర్చోండి. చదరాలూ సున్నాలూ గీస్తూ అడగండి. పేర్లతోపాటు ఎవర్ని ఏమని పిలిచేవారో అదీ రాయండి. రెండు గీతలు ఎక్కడెక్కడ పడతాయో దాచకుండా గీయండి. ఇంట్లో పిల్లలకి సంబంధాలు చూసేముందు ఆ కాగితం ఒకసారి డాక్టరుకి చూపించండి. మా కాగితం నేను మొదలుపెట్టాను. అన్నయ్య చదరాన్ని మాత్రం నింపలేదు, అందులో వాడి కుట్టుమిషను బొమ్మ వేశాను. త్వరగా చెయ్యండి. మా ఇంట్లో అడగడానికి ఇంకా మిగిలినవాళ్ళు ఇద్దరే.